సంగీతం గ్రేడ్ పరీక్షలు: వెళ్ళాలా, వెళ్తే ఎప్పుడు?

పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవారికి పరీక్ష బోర్డులు ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లుగా పరీక్షలు పెడతాయి. ఏడాదికి ఒక గ్రేడ్, గ్రేడుకు 3 పీసులు (వాయించి వినిపించాల్సిన రచనలు). ఈ లెక్కన ఎనిమిదో గ్రేడ్ సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి విద్యార్థి వాయించిన పీసులు 24. ఎనిమిదేళ్ల సంగీతానికి ఇరవై నాలుగంటే ఇరవై నాలుగు! అతిశయోక్తిలా వినిపిస్తుంది గానీ, ఒక పరీక్ష అయిన మర్నాడే తర్వాతి గ్రేడ్ పుస్తకం తెరిచే పద్ధతిలో నేర్చుకున్నవారి లెక్క దాదాపు ఇంతే తేలుతుంది. ఏడాదికి పాతికో ముప్పయ్యో చిన్న పీసులు చదువుకుంటూ, మధ్యలో రెండు మూడు పరీక్షలకు మాత్రమే వెళ్ళినవారు కూడా చివరికి ఇదే సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. కాగితం చూస్తే ఇద్దరూ సమానమే. ఇద్దరి ముందూ ఎప్పుడూ చూడని నోటేషన్ (స్వరలిపి) పెడితే మాత్రం తేడా అర నిమిషంలో బయటపడుతుంది.

గ్రేడ్ పరీక్షలు మంచివా చెడ్డవా అన్న వాదన ఎటూ తేలకపోవడానికి కారణం ఇదే. ఒకే పరీక్ష, దానికి వెళ్ళే సమయాన్ని బట్టి రెండు రకాలుగా పనిచేస్తుంది. ఆ స్థాయి వచ్చాక వెళ్ళినవారికి అది కొలత. పరీక్షకు కడితేనే స్థాయి వస్తుందన్న ఆశతో వెళ్ళినవారికి అదే చదువైపోతుంది, ఏడాదంతా మింగేస్తుంది. 'వెళ్ళాలా' అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు 'ఎప్పుడు' అన్నదాంట్లోనే దొరుకుతుంది.

ఈ ఏర్పాటు వయసు తక్కువదేమీ కాదు. ట్రినిటీ కాలేజ్ లండన్ 1877లోనే సంగీత పరీక్షలు మొదలుపెట్టింది. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్, రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ కలిసి 1889లో ఏబీఆర్‌ఎస్‌ఎం అనే పరీక్షల బోర్డును స్థాపించాయి. రాక్, పాప్ వాయించేవారి కోసం రాక్‌స్కూల్ 1991లో వచ్చింది. కెనడాలో రాయల్ కన్సర్వేటరీకి, ఆస్ట్రేలియాలో ఏఎంఈబీ అనే పరీక్షల బోర్డుకు సొంత పద్ధతులున్నాయి. బోర్డు ఏదైనా వాటి అసలు విలువ ఒకటే: విద్యార్థితో గానీ, టీచర్‌తో గానీ, ఇంట్లోవాళ్ళతో గానీ ఏ మొహమాటమూ లేని బయటి మనిషి విని అభిప్రాయం చెప్పడం. ఒక్క టీచర్ దగ్గరే ఏళ్ల తరబడి నేర్చుకునేవారికి ఇలాంటి అభిప్రాయం మరోచోట దొరకడం కష్టం.

మార్కులు దేనికి?

పరీక్షకు వెళ్ళాలో వద్దో తేల్చుకునే ముందు అది దేన్ని కొలుస్తుందో చూడాలి. ఆశ్చర్యమేమిటంటే, ఏళ్ల తరబడి ఫీజులు కట్టేవారిలో కూడా మార్కుల విభజన చూసినవారు కొద్దిమందే.

ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్ష 150 మార్కులకు. మూడు పీసులకు ఒక్కోదానికి 30, స్కేల్స్ (స్వరాల ఆరోహణ, అవరోహణలు), ఆర్పెజియోలకు (తీగలోని స్వరాలను ఒక్కొక్కటిగా వాయించడానికి) 21, సైట్ రీడింగ్‌కు (ముందు చూడని నోటేషన్‌ను చూస్తూ వాయించడానికి) 21, ఆరల్ టెస్టులకు (విని గుర్తుపట్టే పరీక్షలకు) 18. మొత్తం మీద 100 వస్తే పాస్, 120కి మెరిట్, 130కి డిస్టింక్షన్. ఒక్కో విభాగంలో విడివిడిగా పాస్ కావాలన్న నియమం లేదు, మొత్తం చాలు. ఈ చిన్న నియమం వల్ల పెద్ద తేడా వస్తుంది. పీసులకు 78, స్కేల్స్‌కు 12, సైట్ రీడింగ్‌కు 9, ఆరల్‌కు 11 తెచ్చుకున్న విద్యార్థి మూడు విభాగాల్లో పాస్ మార్కుకు తక్కువగా ఉండి కూడా 110తో నిక్షేపంగా పాసవుతాడు. గోడ మీద సర్టిఫికెట్ వేలాడుతుంది. కొత్త నోటేషన్ చదవలేడని, చెవి ఇంకా తయారవలేదని ఆ సర్టిఫికెట్ ఎవరికీ చెప్పదు. చెప్పేది దానితోపాటు వచ్చే మార్క్ ఫారం. ఎగ్జామినర్ వ్యాఖ్యలు అందులోనే ఉంటాయి. ఫ్రేమ్ కట్టించాల్సింది ఏదో ఒకటి ఉంటే అదేనేమో.

మార్కులు వేసే పద్ధతి గురించి కూడా ఒక అపోహ ఉంది. పూర్తి మార్కుల నుంచి తప్పుకొకటి చొప్పున కోస్తూ వస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎగ్జామినర్ మొదలుపెట్టేది పాస్ మార్కు దగ్గర, అంటే పీసుకు 20 దగ్గర. అక్కడి నుంచి విన్నదాన్ని బట్టి పైకో కిందికో వెళ్తారు. అందుకే ఒకటి రెండు స్వరాలు జారినా లయ తప్పకుండా, పాటకో ఆకారం ఇచ్చి వాయించినవారికి ఎక్కువ మార్కులు వస్తాయి. తప్పులేకుండా, భయంభయంగా, ప్రాణం లేకుండా వాయించినవారు 20ల మొదట్లోనే ఆగిపోతారు.

ట్రినిటీ లెక్క వేరు. మొత్తం 100 మార్కులు, పాస్ 60, మెరిట్ 75, డిస్టింక్షన్ 87. ఐదో గ్రేడ్ వరకు సైట్ రీడింగ్, ఆరల్, ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కల్పించి వాయించడం), మ్యూజికల్ నాలెడ్జ్ అనే నాలుగింటిలో ఏవైనా రెండు ఎంచుకోవచ్చు. 2020 నుంచి ఏబీఆర్‌ఎస్‌ఎం పెర్ఫార్మెన్స్ గ్రేడ్లు కూడా నడుపుతోంది. నాలుగు పీసులు ఆపకుండా ఒకే టేక్‌లో వాయించి వీడియో పంపాలి. ఒక్కో పీసుకు 30, మొత్తం ప్రదర్శనకు మరో 30. స్కేల్స్ అడగరు, సైట్ రీడింగ్ ఉండదు, ఆరల్ ఉండదు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. సైట్ రీడింగ్ రానివారు అది లేని పరీక్షనే వెతుక్కుంటారు. ఒక్కసారి అలా వెళ్తే తప్పేమీ లేదు. గది దాకా వెళ్తే వణికిపోయే పిల్లలకు రికార్డింగ్ పద్ధతి నిజంగానే మేలు చేస్తుంది. కానీ ప్రతి గ్రేడూ అలాగే దాటుకుంటూ పోతే ఎనిమిదో గ్రేడ్ దగ్గర బయటపడే బలహీనత మొదటి గ్రేడ్ నాటిదై ఉంటుంది. బోర్డు ఎంపికలో ఒక మాట: విద్యార్థి బలానికి సరిపోయే పరీక్ష ఎంచుకోవడం తెలివే, పాఠాల్లో మాత్రం ఆ పరీక్ష అడగనిదాన్ని వదిలేయకూడదు. ఈ రెండోది చేసే ఓపిక చాలా తక్కువమందికి ఉంటుంది.

సిద్ధంగా ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?

పీసులు మూడూ వచ్చేశాయి కాబట్టి సిద్ధం అనుకోవడం అన్నిటికన్నా సాధారణమైన పొరపాటు. ఆరు నెలలు బార్ బార్‌గా (నోటేషన్‌లో గీతల మధ్య ఒక్కో చిన్న భాగంగా) కుట్టుకుంటూ వస్తే, స్థాయికి రెండు గ్రేడ్ల పైనున్న పీసు కూడా వేళ్ళకు పట్టుబడుతుంది. అది వేళ్ళ జ్ఞాపకం. కళ్ళు నోటేషన్ మీద ఉన్నట్టే కనిపిస్తాయి, చదవవు. మధ్యలో ఆపి 'ఈ బార్ నుంచి మళ్ళీ' అంటే మొదటికి వెళ్తే తప్ప అందుకోలేరు.

ఇంతకన్నా నమ్మదగిన పరీక్ష ఒకటుంది. అదే గ్రేడ్ పాత సిలబస్‌లోంచి విద్యార్థి ఎప్పుడూ వినని పీసు ఒకటి ఇచ్చి, పెద్దగా సాయం చేయకుండా వదిలేయాలి. మూడు నాలుగు వారాల్లో వినదగ్గట్టు వాయిస్తే ఆ స్థాయి వచ్చినట్టే, పరీక్షకు పేరు ఇవ్వవచ్చు. మూడు నెలలు పడితే ఆ గ్రేడ్ ఇంకా దూరంలోనే ఉంది, పరీక్ష పీసులు ఎంత బాగా వినిపించినా సరే. స్కేల్స్ విషయంలోనూ అంతే. ఆ గ్రేడ్ స్కేల్స్ చాలావరకు పీసులు ఎంచుకునేనాటికే చేతిలో ఉండాలి. ఆఖరి నెలలో వాటిని హడావుడిగా బట్టీ పట్టడం వల్ల మార్కులు రావచ్చు. పీసులో అదే స్కేల్ ఎదురైనప్పుడు మాత్రం గుర్తుపట్టరు.

సైట్ రీడింగ్‌కు స్వయంగా అంచనా వేసుకోవడం సులువు. పరీక్షలో చూసుకోవడానికి అర నిమిషం ఇస్తారు, ఆ తర్వాత ఆగకుండా వాయించాలి. వెళ్ళబోయే గ్రేడ్‌కు ఒకటి రెండు గ్రేడ్ల కింది పీసులను అలా చూసి, ఆగకుండా దాటేయగలిగితే పునాది బాగున్నట్టు. నాలుగు గ్రేడ్ల కిందివి కూడా తడబడితే పరీక్ష కన్నా ముందు చదివే పని ఉంది. రోజూ పది నిమిషాలు, కొత్తది, తేలికది. ఇందులో మరో రహస్యం లేదు.

ఇంకో విషయం, తేదీలకు సంబంధించింది. పరీక్షకు పేరు ఇవ్వాల్సిన గడువు పరీక్షకు కొన్ని వారాల ముందే ముగుస్తుంది. తర్వాత మానుకుంటే సాధారణంగా ఫీజు వెనక్కి రాదు. కాబట్టి 'అప్పటికి వస్తుందిలే' అని పేరు ఇవ్వకూడదు, పేరు ఇచ్చే రోజుకే పీసులు మొదటి నుంచి చివరిదాకా సాగుతుండాలి. మిగిలిన వారాలు మెరుగు పెట్టుకోవడానికి, రెండు వారాలు పక్కన పెట్టి మళ్ళీ తీయడానికి. అలా పక్కన పెట్టి తీసిన పీసే పరీక్ష గదిలో నిలబడుతుంది. మొత్తం కార్యక్రమాన్ని వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఆపకుండా రికార్డు చేసుకుని వింటే ఫలితం ముందుగానే తెలిసిపోతుంది. అంచనా వేసుకోవాల్సింది మూడింటిలో అన్నిటికన్నా బాగా వచ్చినదాన్ని చూసి కాదు, బాగా చెడినదాన్ని చూసి. అది కూడా పాస్ స్థాయిలో ఉంటే భయం లేదు.

మెట్లు సమానంగా లేవు

ఏడాదికో గ్రేడ్ అన్న అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ఏ బోర్డు నిబంధనల్లోనూ లేదు. పాఠశాల తరగతుల్ని చూసి పెట్టుకున్న వాత లాంటిది. ఒక్కో గ్రేడ్‌కు పాఠాలు, సాధన అన్నీ కలిపి ఎంత సమయం పట్టవచ్చో ఏబీఆర్‌ఎస్‌ఎం వేసిన అంచనా చూస్తే ఈ అలవాటు ఎంత అసంబద్ధమో అర్థమవుతుంది: మొదటి గ్రేడ్‌కు 60 గంటలు, ఐదో గ్రేడ్‌కు 180, ఎనిమిదో గ్రేడ్‌కు 320. అంటే చివరి మెట్టు మొదటిదానికి ఐదు రెట్లకు పైగా ఎత్తు. రోజుకు అరగంట చొప్పున ఏ రోజూ మానకుండా కూర్చుంటే ఏడాదికి 180 గంటల పైచిలుకు. ఐదో గ్రేడ్ దాకా ఏడాదికొకటి సరిపోతుంది. ఆపైన సాధన పెంచకుండా అదే వేగం ఆశిస్తే పిల్లలు ఒక్కసారిగా 'వెనకబడ్డట్టు' కనిపిస్తారు. వాళ్ళు వెనకబడలేదు, మెట్టు ఎత్తు పెరిగింది. ఆరో గ్రేడ్ దగ్గర మానేసేవారి గురించి మాట్లాడేటప్పుడు చదువుల ఒత్తిడిని అందరూ తలుస్తారు, ఈ లెక్కను ఎవరూ తలవరు.

వరుసగా అన్ని గ్రేడ్లూ వెళ్ళాలన్న నియమం కూడా లేదు. నేరుగా మూడో గ్రేడ్‌తో మొదలుపెట్టవచ్చు, అక్కడి నుంచి ఐదుకు వెళ్ళవచ్చు. పరీక్షలంటే ఉత్సాహమున్న పిల్లలకు ఒకటి, మూడు, ఐదు, ఆపైన అవసరాన్ని బట్టి అన్న వరుస చాలామటుకు సరిపోతుంది. మధ్య సంవత్సరాలు నిజంగా నేర్చుకోవడానికి మిగులుతాయి. దాటేసిన గ్రేడ్ పీసులను మాత్రం దాటేయకూడదు. పరీక్ష లేదు కాబట్టి మూడుకు బదులు పది వాయించుకోవచ్చు, నచ్చినవి వాయించుకోవచ్చు.

వరుస తప్పించలేని చోటు ఒకటుంది. ఏబీఆర్‌ఎస్‌ఎంలో 6, 7, 8 గ్రేడ్ల ప్రాక్టికల్‌కు గానీ పెర్ఫార్మెన్స్‌కు గానీ వెళ్ళాలంటే ముందు ఐదో గ్రేడ్ థియరీ (సంగీత సిద్ధాంత పరీక్ష) పాసై ఉండాలి, లేదా దానికి సమానంగా బోర్డు ఒప్పుకునే మరో పరీక్ష. ఇది తెలియక వాయిద్యంలో ఆరో గ్రేడ్ స్థాయికి వచ్చి, థియరీ కోసం నెలల తరబడి ఆగిపోయేవారు ఎందరో. అప్పుడు నాలుగేళ్ల థియరీని నాలుగు నెలల్లో కుక్కుతారు. కీ సిగ్నేచర్లు, ఇంటర్వెల్స్, ట్రాన్స్‌పొజిషన్ అన్నీ పాస్ కావడం కోసమే నేర్చి మర్చిపోతారు. ఐదో గ్రేడ్ థియరీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే రాయవచ్చు. మొత్తం 75 మార్కులు, పాస్‌కు 50. మూడో గ్రేడ్ వాయించే రోజుల నుంచే వారానికి కాసేపు దీనికి కేటాయిస్తే ఇదసలు సమస్యే కాదు. ట్రినిటీ, రాక్‌స్కూల్ ఈ షరతు పెట్టవు. థియరీ పూర్తిగా గిట్టనివారు పై గ్రేడ్లకు అటు మళ్ళడం మామూలే. అయితే ఆరో గ్రేడ్ పీసు ఏ కీలో (ఏ ఆధార స్వరం, ఏ స్కేల్ మీద) ఉందో తెలియకుండా వాయించేవారికి ఏ బోర్డూ పెద్దగా చేయగలిగింది లేదు.

వెళ్ళకూడని కాలాలు

స్థాయి ఉన్నా సమయం సరిగ్గా లేని సందర్భాలుంటాయి. ఇవి సిలబస్‌లో కనిపించవు, టీచర్లకు మాత్రం బాగా తెలుసు. వయొలిన్, చెల్లో నేర్చుకునే పిల్లలు ఎదిగేకొద్దీ సైజు మార్చుకుంటూ పోవాలి. సైజు మారిన కొన్ని వారాలు వేళ్ళ దూరాలన్నీ తప్పుతాయి, శ్రుతి నిలవదు. పరీక్షకు నెలముందు పెద్ద వాయిద్యం కొనివ్వడం ఎంత ప్రేమతో చేసినా చేటే. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న వెంటనే ట్రంపెట్, క్లారినెట్, ఫ్లూట్ వాయించేవారి పెదవుల పట్టు మారిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది. గొంతు మారే వయసులో ఉన్న అబ్బాయిలను గాత్ర పరీక్షకు పంపడం అనవసరం. ఏ రోజు ఏ స్వరం పలుకుతుందో వాళ్ళకే తెలియదు. టీచర్ మారిన కొత్తలోనూ అంతే. కొత్త టీచర్ చేతి భంగిమ దిద్దుతుంటే వాయింపు కొన్నాళ్ళు ముందటికన్నా అధ్వానంగా వినిపిస్తుంది. పరీక్ష తేదీ ఉంటే ఆ దిద్దుబాటు సగంలో ఆగిపోతుంది. బడిలో పెద్ద పరీక్షల ఏడాది సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

డిగ్రీలో సంగీతం చదవాలనుకునేవారికి పై గ్రేడ్లు ఎంతోకొంత పనికొస్తాయి. బ్రిటన్‌లో యూనివర్సిటీ దరఖాస్తులకు 6 నుంచి 8 వరకు గ్రేడ్లకు యూకాస్ (ఆ దరఖాస్తులను నడిపే సంస్థ) పాయింట్లు ఉంటాయి. ఎనిమిదో గ్రేడ్ ప్రాక్టికల్‌కు పాస్ అయితే 18, డిస్టింక్షన్‌కు 30. మొదటి ఐదు గ్రేడ్లకు ఏమీ రావు. అసలు కన్సర్వేటరీలు (ప్రత్యేక సంగీత కళాశాలలు) సర్టిఫికెట్ల కన్నా ఆడిషన్‌నే చూస్తాయి. వాటికి ఎనిమిదో గ్రేడ్ మొదలు మాత్రమే. కాబట్టి 'భవిష్యత్తుకు పనికొస్తుంది' అని ఏడేళ్ల పిల్లను మొదటి గ్రేడ్‌కు తోయడంలో అర్థం లేదు. మొదటి గ్రేడ్ వల్ల వచ్చే లాభం ఆ వయసులో ఆ పిల్లకు కలిగే సంతోషమే. అది లేకపోతే ఇంకేమీ లేదు.

తేదీ ఉంటే తప్ప కదలని స్వభావం కొందరిది. వాళ్ళకు పరీక్ష మంచి మందు, ఏడాదిన్నరకోసారి వాడవచ్చు. ఇంకొందరు తేదీ వినగానే బిగుసుకుపోతారు, వాయిద్యం అంటేనే విసుగు పెంచుకుంటారు. వీళ్ళకు నలుగురి ముందు ఒక చిన్న కచేరీ, ఒక బృందంలో స్థానం, తోడు వాయించే స్నేహితుడు ఇచ్చినంత పని పరీక్ష చేయదు. పాటలు సొంతంగా కట్టుకునే పిల్లలు, విని వాయించేవారు, జాజ్ ఇంప్రొవైజేషన్ మీద మనసున్నవారు మామూలు గ్రేడ్లలో తమ బలం చూపించే చోటు లేక నిరుత్సాహపడటం ఉంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి: ఈ పరీక్ష ఎవరికి కావాలి? పిల్లకా, ఇంట్లోవాళ్ళకా, ఫలితాల పట్టిక పెట్టుకోవాలనుకునే టీచర్‌కా? మూడు జవాబులూ నేరం కావు. రెండోదో మూడోదో అయినప్పుడు దాన్ని పిల్ల కోరికగా చెప్పుకోవడమే బాగుండదు.

పెద్దవయసులో మొదలుపెట్టినవారికి ఈ పరీక్షలు వింతగా కలిసొస్తాయి. వయసు పరిమితి లేదు, నలభైలోనో అరవైలోనో మొదటి గ్రేడ్‌కు వెళ్ళేవారు ఎగ్జామినర్లకు కొత్త కాదు. వీరికి తోటి విద్యార్థులు ఉండరు, బడి కచేరీలు ఉండవు, ఎక్కడున్నామో తెలుసుకునే దారి ఇదొక్కటే కావచ్చు. ఇబ్బందల్లా వణుకు. పిల్లలు తప్పు వాయించి మర్చిపోతారు, పెద్దలు ఆ తప్పును మిగిలిన పీసంతా మోసుకెళ్తారు. అందుకని పెద్దలు తమ అసలు స్థాయికి ఒక గ్రేడ్ కింద మొదటి పరీక్షకు వెళ్ళడం మంచిది. గది, ఎగ్జామినర్ బల్ల, పరాయి పియానో, ఇవన్నీ ఒకసారి చూసి వచ్చాక తర్వాతిదానికి చేతులు అంత వణకవు.

ఫలితం వచ్చాక చేయాల్సిన పని కూడా 'ఎప్పుడు'లో భాగమే. ఏబీఆర్‌ఎస్‌ఎంలో 130 దాటితే వెంటనే తర్వాతి గ్రేడ్ అనుకోవడం సహజం. నిజానికి ఆ మార్కు చెప్పేది అప్పటికి ఆ స్థాయి తేలికైపోయిందని, కాబట్టి తర్వాత ఒక గ్రేడ్ దాటేయవచ్చు. 100 నుంచి 110 మధ్య వస్తే మార్క్ ఫారంలో ఏ విభాగాలు కిందికి లాగాయో చూసి, కనీసం ఆరు నెలలు అదే స్థాయిలో, పరీక్ష లేకుండా, కొత్త పీసులతో ఉండాలి. డ్యూయెట్లు, తోడు వాయించడం, రెండు గ్రేడ్ల కిందివి ఆగకుండా చదవడం ఈ నెలల్లో చేసుకోవాల్సిన పనులు. పరీక్ష తప్పితే సంగతి రెండు రకాలు. సైట్ రీడింగ్, ఆరల్ వల్ల నాలుగైదు మార్కులు తగ్గితే వాటి మీద పనిచేసి కొద్ది నెలల్లో మళ్ళీ వెళ్ళవచ్చు, సిలబస్ మారకపోతే పీసులు అవే ఉంచుకోవచ్చు. పీసుల్లోనే తగ్గితే వాటిని వదిలేయాలి. ఏడాదిగా అరిగిన పీసుకు మళ్ళీ ప్రాణం పోయడం కన్నా కొత్తవి నేర్చుకోవడం తేలిక. తప్పిన గ్రేడ్‌కే తిరిగి వెళ్ళాలని కూడా లేదు. ఏడాదిన్నర ఆగి పై గ్రేడ్‌కు నేరుగా పేరు ఇచ్చినా అడిగేవారుండరు.